బెంగళూరులో కొత్త టీచరు, పంచుకునే ఇల్లు: వెతకడం మొదలు మొదటి నెలాఖరు దాకా

ఏటా మే నెల రాగానే మా ఊరి వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. బీఈడీ అయింది, బెంగళూరులో బడిలో చేరుతున్నాను, ముగ్గురం కలిసి ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం, ఎలా అక్కా అని. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే అంతా వరసగా రాసి పెడుతున్నాను.

ఇల్లు పంచుకోవడం గురించి అందరూ చెప్పే సలహాలు టీచరుకు సగమే పనికొస్తాయి. ఈ ఊళ్లో కలిసి ఉండేవాళ్లలో చాలామంది తొమ్మిదింటికి లేచి, పది పదకొండింటికి పని మొదలుపెట్టేవాళ్లు. మీరేమో ఏడు నలభైకల్లా బడిలో సంతకం పెట్టాలి. కాబట్టి ఇల్లయినా, తోడు ఉండే మనిషయినా, గీజరయినా, ఉదయం 5 నుంచి 7 గంటల మధ్య మీకు అడ్డం వస్తుందా రాదా అన్నదే మొదట చూడండి. అద్దె, గాలి, వెలుతురు ఆ తర్వాత.

## 1. మొదటి నెల పీజీలో ఉండండి

ఊరు నుంచి నేరుగా అద్దె ఇంట్లో దిగకండి. బడికి దగ్గరలో ఏదో ఒక పీజీలో, అంటే భోజనం పెట్టే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, నెల రోజులు ఉండండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆంధ్రా భోజనం పెట్టే పీజీలకు కొదవ లేదు. పప్పు నీళ్లలా ఉందని తిట్టుకుంటూనే నెల గడిచిపోతుంది.

ఆ నెలలో మూడు సంగతులు తెలుస్తాయి: బడి నిజంగా ఎన్నింటికి వదులుతుందో, జీతం ఏ తారీఖున పడుతుందో, ఆ బడిలో మీరు నిలబడతారో లేదో. మూడోది తేలకముందే లక్షల్లో అడ్వాన్సు కట్టి ఇరుక్కున్నవాళ్లను చూశాను.

ఇంకో మాట. చేరే రోజు బడివాళ్లు అసలు సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకోండి. తమ దగ్గరే ఉంచుకుంటామంటే రసీదు రాయించుకోకుండా ఇవ్వవద్దు.

## 2. బడి బస్సు దారి పట్టుకుని వెతకండి

చాలా బడుల్లో టీచర్లు పిల్లల బస్సులోనే రావచ్చు. ఆఫీసులో అడిగి రూట్ల జాబితా తీసుకోండి. బస్సు ఉదయం దూరపు పిల్లలతో మొదలై బడి వైపు వస్తుంది. రూటు మొదట్లో ఇల్లు తీసుకుంటే మీరు ఆరింటికే ఎక్కి, ఊరంతా తిరిగి చేరతారు. చివరి రెండు మూడు స్టాపుల దగ్గర తీసుకుంటే అరగంట నిద్ర మిగులుతుంది. అద్దె వెయ్యి ఎక్కువైనా ఆ అరగంట కొనుక్కోండి.

బస్సు లేకపోతే మెట్రో చూడండి. చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైను 2023 అక్టోబరులో పూర్తయింది. ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైను 2025 ఆగస్టులో మొదలైంది. స్టేషను నుంచి ఇంటికి నడిచి చూసుకోండి. ప్రకటనలో రాసిన "పది నిమిషాల నడక" ఎవరి నడకో ఎవరికీ తెలియదు.

ఆడవాళ్లకు కర్ణాటక ప్రభుత్వ సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం ఇది. అయితే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. మీ ఆధార్‌లో అనంతపురమో కర్నూలో ఉన్నంతకాలం టికెట్టు కొనాల్సిందే. నెల ఖర్చు లెక్కలో అది కూడా రాసుకోండి.

## 3. తోడు ఉండేవాళ్లను గడియారం చూసి ఎంచుకోండి

"మంచి అమ్మాయి, మన ఊరి అమ్మాయి" అన్న సిఫారసు విని నేను మొదటి ఇల్లు తీసుకున్నాను. నిజంగానే మంచి అమ్మాయి. ఆమె ఆఫీసు మాత్రం అమెరికా సమయంలో నడిచేది. రాత్రి పన్నెండు దాకా పక్క మంచం మీద ఫోన్‌లో మీటింగులు. నేను ఐదింటికి కుక్కరు పెడితే ఆమెకు అది నడిరాత్రి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఆరు నెలలకు మాటలు కూడా ఆగిపోయాయి.

అందుకే స్వభావం గురించి ఆరా తీసే ముందు ఇవి అడగండి:

- మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? దీపం ఆర్పేది ఎన్నింటికి?
- పని ఇంటి నుంచా, ఆఫీసు నుంచా? షిఫ్టులు మారుతాయా?
- ఉదయం స్నానం ఎన్నింటికి?
- శనివారం ఇంట్లో స్నేహితులు వస్తారా? నాకు చాలా శనివారాలు బడి ఉంటుంది.
- ఇంట్లో మాంసం వండుకుంటారా? వండితే ఏ గిన్నెల్లో?
- కనీసం పదకొండు నెలలు ఉంటారా?

చివరి ప్రశ్నకు "చూద్దాం" అని జవాబు వస్తే అక్కడే ఆగండి. పెళ్లిచూపులు నడుస్తున్న వాళ్లు, విదేశానికి వీసా వేసుకున్నవాళ్లు అంత కచ్చితంగా చెప్పలేరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అడ్వాన్సు మాత్రం మీ నెత్తిన పడుతుంది.

ఇద్దరూ టీచర్లయితే సమయం చక్కగా కుదురుతుంది, పరీక్షల నెలలో మాత్రం బల్ల కోసం పోటీ. నర్సుతో ఉండటానికి చాలామంది జంకుతారు. నా అనుభవంలో నర్సే మేలు. షిఫ్టు పట్టిక ముందే గోడకు అంటిస్తుంది, అలసట అంటే ఏమిటో ఆమెకు వివరించనక్కర లేదు.

## 4. ఇల్లు చూడటానికి ఉదయం ఆరింటికి వెళ్లండి

బ్రోకరు సాయంత్రమో ఆదివారమో రమ్మంటాడు. ఒకసారి అలాగే వెళ్లండి. నచ్చితే మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ వెళ్లండి. మీరు నీళ్లు వాడుకునేది, రోడ్డు మీదికి వచ్చేది ఆ వేళలోనే. ఆరింటికి రానివ్వని యజమాని, ఆ వేళలో కుళాయి పాడైతే వచ్చి బాగుచేయిస్తాడా?

నీళ్ల గురించి ఎంత అడిగినా ఎక్కువ కాదు. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు కూడా టాంకర్ల కోసం వరస కట్టాయి. ఆ ఏడాది అక్టోబరులో కావేరి మంచినీటి పథకం ఐదో దశ మొదలై, ఊరి అంచున కలిసిన 110 గ్రామాల వైపు నీళ్లు వచ్చే వీలు కలిగింది. వీధికి గొట్టం వచ్చినంత మాత్రాన ఇంటికి కనెక్షను ఉన్నట్టు కాదు. యజమానిని ఇలా అడగండి:

- కావేరి కనెక్షను ఉందా? వారంలో ఏ రోజులు, ఎన్ని గంటలు వస్తుంది?
- బోరు ఉందా? గత మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండిందా?
- టాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది?
- సంపు ఎంత పెద్దది? మోటారు ఎవరు వేస్తారు?

ఇదే ప్రశ్న పక్కింటివాళ్లను కూడా అడగండి. అసలు జవాబు అక్కడ దొరుకుతుంది. బాత్రూమ్ బకెట్టు అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పునీళ్ల బోరు. బతకవచ్చు గానీ తాగే నీళ్లకు క్యాను లెక్క వేసుకోండి.

భాషకు భయపడవద్దు. బెంగళూరులో తెలుగుతో చాలా దూరం నడుస్తుంది. అయినా నాలుగు కన్నడ మాటలు నోట ఉంటే యజమాని ముఖం విప్పారుతుంది:

- బాడిగె ఎష్టు? (అద్దె ఎంత?)
- అడ్వాన్స్ స్వల్ప కడిమె మాడి. (అడ్వాన్సు కొంచెం తగ్గించండి.)
- నీరు యావాగ బరుత్తె? (నీళ్లు ఎప్పుడు వస్తాయి?)
- కస యావాగ తగొండు హోగ్తారె? (చెత్త ఎప్పుడు తీసుకెళతారు?)

బాడుగ, కసువు అనే మాటలు రాయలసీమ ఇళ్లలో పెరిగినవాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు.

గేటుకు వేలాడే బోర్డు నిదానంగా చదవండి. "బాడిగెగె" అంటే అద్దెకు. "లీజుకు", "భోగ్యక్కె" అని ఉంటే లెక్క వేరు: ఒకేసారి లక్షలు కట్టి అద్దె లేకుండా ఉండటం, వెళ్లేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. నెల నెలా అద్దె లేదు కదా అని మురిసిపోయి ఊళ్లో బంగారం కుదువ పెట్టించకండి. ఇంటి మీద యజమాని బ్యాంకు అప్పు ఉంటే మీ డబ్బుకు దిక్కెవరు? కొత్త టీచరు అటు వైపు వెళ్లకపోవడమే మంచిది.

## 5. అడ్వాన్సు, ఒప్పంద పత్రం

పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం బెంగళూరు పాత అలవాటు. బేరమాడితే ఐదారు నెలలకు దిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి కుటుంబాల నుంచి వచ్చిన టీచర్లం, బడి దగ్గరలోనే, ఆలస్యంగా తిరగం అని చెప్పడం సిగ్గుపడే విషయం కాదు. ఈ ఊళ్లో టీచరు అన్న మాటకు ఇంకా కొంత విలువ ఉంది, వాడుకోండి.

ఒప్పందం సాధారణంగా 11 నెలలకు రాస్తారు. ఏడాదికి మించిన కౌలును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ ఒక్క నెల తగ్గిస్తారు.

సంతకం పెట్టే ముందు పత్రంలో ఇవి ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి:

- ముగ్గురి పేర్లూ. ఒక్కరి పేరున రాస్తే మిగతా ఇద్దరూ కాగితం మీద అతిథులే.
- అడ్వాన్సు మొత్తం, ఎవరు ఎంత ఇచ్చారో విడివిడిగా. ఎవరి ఖాతా నుంచి వారే పంపండి, నగదు వద్దు.
- ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో అడ్వాన్సు వెనక్కి ఇస్తారు.
- రంగుల ఖర్చు. వెళ్లేటప్పుడు ఒక నెల అద్దె దీని కింద కోసుకోవడం ఇక్కడ మామూలు. అసలు ఖర్చుకు బిల్లు చూపి మాత్రమే కోసుకోవాలని రాయించండి. ఒప్పుకోకపోయినా అడిగినట్టు ఉంటుంది.
- ఖాళీ చేయడానికి ముందస్తు నోటీసు ఎన్ని నెలలు. రెండు నెలలంటే ఒకటికి తగ్గించమనండి.
- ఒకరు వెళ్లి వేరొకరు రావడానికి యజమాని అనుమతి.
- పంపు, గీజరు, మోటారు మరమ్మతులు ఎవరివి.

కరెంటు మీటరుకు ఆర్‌ఆర్ నంబరు అనే కనెక్షను నంబరు ఒకటి ఉంటుంది. చివరి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) బిల్లు అడిగి తీసుకుని, బాకీ లేదని చూసుకోండి. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు బిల్లు రాకుండా పోయే వీలుంది, అద్దెకు ఉండేవాళ్లకు కూడా. అందుకు మీ ఆధార్‌ను ఆ మీటరుకు జతచేయాలి. పాత అద్దెదారు తన ఆధార్‌ను ఆ మీటరు నుంచి విడదీసుకోకుండా వెళితే మీది జతపడదు. తాళాలు తీసుకునే రోజే ఈ సంగతి తేల్చుకోండి.

## 6. అద్దె ఎలా పంచాలి

సమానంగా పంచడం న్యాయం కాదు, సోమరితనం. ఒక ఉదాహరణ. రెండు పడక గదుల ఇల్లు, అద్దె 30,000 అనుకుందాం. బాత్రూమ్ కలిసిన గదిలో ఒక్కరే ఉంటారు, రెండో గదిలో ఇద్దరు. ఒంటరి గదికి 12,000, మిగతా ఇద్దరికీ తలా 9,000. అడ్వాన్సు 1,50,000 అయితే అదే లెక్కన 60,000, 45,000, 45,000.

9,000 చొప్పున ఏడాదికి 1,08,000 అవుతుంది. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు కోరేవాళ్లు, ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు బడికి ఇవ్వాలి. జనవరిలో అడిగితే యజమాని ముఖం చిట్లిస్తాడు, ఒప్పందం రోజే అడగండి. కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు, ఈ గొడవా లేదు.

సరుకులు, గ్యాసు, ఇంటర్నెట్, నీళ్ల క్యాన్లు, ఇల్లు ఊడ్చే అక్క జీతం కలిపి ఒక ఉమ్మడి నిధి పెట్టండి. నెల మొదట్లోనే తలా ఇంత అని అందులో వేసి, ఒకరు లెక్క రాయండి. పాలు, పెరుగు, గుడ్లు మాత్రం ఎవరివి వారే కొనుక్కుంటే మేలు. నందిని పాల ప్యాకెట్టు దగ్గర మొదలైన తగాదాలు చాలా దూరం వెళ్లాయి.

## 7. మొదటి వారం, ఈ వరసలో

1. సామాను దించకముందే ఖాళీ ఇంటిని ఫోన్‌లో వీడియో తీయండి. గోడ మరకలు, పగిలిన టైళ్లు, అద్దాలు కనిపించాలి. అదే రోజు యజమానికి పంపండి.
2. తాళం మార్చే వీలుంటే మార్చండి. తలా ఒక చెవి, ఇంకొకటి నమ్మకమైన పొరుగింట్లో.
3. వంట. గ్యాసు కనెక్షను వచ్చే దాకా 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపి తీసుకోవచ్చు, పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది. ఇండక్షన్ పొయ్యి పెట్టే ముందు వంటగదిలో ఎక్కువ కరెంటు లాగే పరికరాలకు తగిన ప్లగ్గు ఉందో లేదో చూడండి.
4. చెత్త. తడి, పొడి, శానిటరీ మూడూ వేరుగా పెట్టాలి. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారంలో చెప్పిన రోజుల్లో తీసుకెళతారు. మీరు బయల్దేరాక బండి వచ్చే వీధి అయితే ఆ పని ఆలస్యంగా వెళ్లేవారికి అప్పగించి, బదులుగా గిన్నెలు మీరు తోమండి.
5. బియ్యం. కొట్టులో సోనా మసూరి అనగానే తెచ్చేయకండి. స్టీమ్ బియ్యమా, పచ్చి బియ్యమా అడగండి. మన పెరుగన్నానికి రెండోది.

పరుపులు, బల్లలు, ఫ్రిజ్ మొదటి జీతం వచ్చాక.

## 8. ఉదయం 5 నుంచి 7

ఒక బాత్రూమ్, ముగ్గురు మనుషులు, 15 లీటర్ల గీజరు. ఒకరు స్నానం చేశాక నీళ్లు మళ్లీ కాగడానికి పావుగంట పైనే పడుతుంది. ఈ లెక్క వేయకపోతే ఎవరో ఒకరు రోజూ చన్నీళ్లు పోసుకుంటారు, డిసెంబరు బెంగళూరులో.

కాగితం మీద రాసి వంటగది తలుపుకు అంటించండి. మా ఇంట్లో ఇలా నడిచేది:

- 4:50 గీజరు వేయడం. ముందు లేచినవారి పని.
- 5:10 మొదటి స్నానం. రెండోవారు పొయ్యి దగ్గర.
- 5:35 రెండో స్నానం. మొదటివారు డబ్బాలు కట్టడం.
- 6:00 నుంచి బాత్రూమ్ మూడోవారిది, ఎంతసేపయినా.
- 6:40 బయటికి.

పరీక్ష డ్యూటీ, అసెంబ్లీ డ్యూటీ ఉన్న రోజు ముందు రాత్రే చెప్పాలి. "అక్కా, రేపు నాకు గేటు డ్యూటీ, మొదటి స్నానం నాది" అంటే చాలు. ఉదయం తలుపు కొడుతూ చెబితే అది తగాదా.

కుక్కరు ఈల గురించి. ఐదింటి ఈలకు పక్కింటివాళ్లు కూడా లేస్తారు. రాత్రే కూరగాయలు తరిగి పెట్టుకోండి, పులిహోర పులుసు, కంది పొడి, పల్లీ పొడి వారానికోసారి చేసి ఉంచండి, అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కరు కొనండి. మా ముగ్గురికీ ఆ ఒక్క వస్తువు తెచ్చిన శాంతి ఇంకేదీ తేలేదు.

చీరలు కట్టే బడి అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా నూలు చీరలు ఆరవు. వానాకాలానికి సింథటిక్ చీరలు నాలుగు పెట్టుకోండి. వీధి చివర ఇస్త్రీ బండికి ఆదివారం అన్నీ ఒకేసారి ఇవ్వండి.

## 9. బడి పని ఇంటికి వస్తే

భోజనాల బల్ల మీద జవాబు పత్రాలు దిద్దకండి. నా మొదటి యూనిట్ టెస్టు పత్రాల్లో నాలుగింటి మీద సాంబారు ఒలికింది. తల్లిదండ్రుల సమావేశంలో ఆ పసుపు మరకను వివరించడం కంటే కష్టమైన పని ఇప్పటికీ నాకు ఎదురవలేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మంచం మీద పెట్టుకునే మడత బల్ల ఒకటి కొనండి. పత్రాలు దిద్దితే చేతిలో, లేకపోతే డబ్బాలో.

ఆరు పీరియడ్లు అరిచి వచ్చాక గొంతు ఉండదు. ఇంటికి రాగానే గంటసేపు మాట్లాడలేనని తోటివాళ్లకు మొదటి వారంలోనే చెప్పండి. చెప్పకపోతే పొగరు అనుకుంటారు.

ఇంట్లో ట్యూషను పెడదామా అని చాలామంది అడుగుతారు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 28వ సెక్షను టీచర్లు ప్రైవేటు ట్యూషను చెప్పకూడదంటుంది. నియామక పత్రాల్లోనూ ఆ షరతు కనిపిస్తుంది. అంతేకాదు, హాల్లో ఎనిమిది మంది పిల్లలు కూర్చుంటే తోటివాళ్లకు ఆ ఇల్లు ఇల్లులా ఉండదు.

## 10. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

గిన్నెలు సింకులో పేరుకుపోవడం. వంతుల పట్టిక పెట్టినా పని చేయదు. తలా రెండు కంచాలు, రెండు గ్లాసులు మాత్రం బయట ఉంచి మిగతావి అటక ఎక్కించండి. తోమకపోతే తినడానికి కంచమే ఉండదు.

అద్దె ఒకరే కట్టి, మిగతావాళ్లు "రేపు పంపుతా" అనడం. ఇంటికి ఒక తారీఖు పెట్టండి. బడి జీతం ఆలస్యంగా పడేటట్టయితే దాన్ని బట్టి అద్దె తారీఖును 7కో 10కో మార్చమని యజమానిని మొదట్లోనే అడగండి. తర్వాత అడిగితే అది బతిమాలడం.

ఒకరి చుట్టాలు వచ్చి వారాలు ఉండటం. అమ్మానాన్నలకు ఎవరూ అడ్డు చెప్పరు. మూడు రాత్రులు దాటితే ఉమ్మడి నిధిలో వంతు వేయాలని మొదటి నెలలోనే అనుకోండి.

మధ్యలో ఒకరు వెళ్లిపోవడం. అన్నిటికన్నా డబ్బు పోయేది ఇక్కడే. కొత్తగా వచ్చేవారు వెళ్లేవారికి అడ్వాన్సు వాటా నేరుగా ఇచ్చేస్తారు, యజమానికి తెలియదు, పత్రంలో పాత పేరే ఉంటుంది. ఏడాది తర్వాత అడ్వాన్సు పాతవారి ఖాతాకు పోతుంది, వారు ఫోన్ ఎత్తరు. ఈ వరస తప్పకండి: ముందు యజమానికి వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పడం, ఆపై కొత్త పేరుతో పత్రం తిరిగి రాయడం, చివరగా డబ్బు బదిలీ. వెళ్లేవారి తాళం చెవి, మీటరు నుంచి ఆధార్ విడదీసిన మెసేజీ, ఉమ్మడి నిధి లెక్క చేతికి వచ్చాకే ఆ వాటా పంపండి.